పాఠకుల ప్రశ్నలు: బాగున్న వీధికే ముందు మరమ్మతు ఎందుకు?

నగర వీధుల వార్షిక నిర్వహణ, దానికయ్యే నిధుల గురించి ఈ మధ్య పాఠకుల నుంచి చాలా లేఖలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన లేఖలను కలిపి ఒక్కొక్క ప్రశ్నగా కుదించి, ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా వీధిలో రెండేళ్లుగా గుంతలే తప్ప రోడ్డు కనబడదు. పక్క వీధిలో మాత్రం అక్కడక్కడా సన్నని పగుళ్లు తప్ప రోడ్డు నున్నగానే ఉండేది. ఈ ఏడాది ఆ వీధికే కొత్తగా నల్లటి పొర వేసి, మా వీధిని వదిలేశారు. అక్కడ పలుకుబడి ఉన్నవాళ్లు ఉండడమే కారణమా, లేక దీని వెనక ఇంకేదైనా లెక్క ఉందా?

జవాబు: పలుకుబడితో రోడ్లు పడిన సందర్భాలు ఎక్కడా లేవని చెప్పే ధైర్యం మాకు లేదు. అయినా మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, పక్క వీధిలో జరిగింది సరైన పనే అయ్యే అవకాశం ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే తారు రోడ్డు ఎలా పాడవుతుందో ముందు చూడాలి.

రోడ్డు ఏటా ఇంత చొప్పున సమానంగా అరిగిపోదు. ఎండకూ గాలికీ తారులోని జిగురు క్రమంగా ఎండి పెళుసుబారుతుంది, సాగే గుణం పోగానే పైపొరలో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ఇంతవరకు జరగడానికి చాలా ఏళ్లు పడుతుంది, ఈ దశలో దారిన పోయేవారికి రోడ్డు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి కింది కంకర పొరను, దాని అడుగునున్న మట్టిని మెత్తబరచడం మొదలుపెట్టాక మాత్రం కథ వేగం పుంజుకుంటుంది. బరువైన చక్రం వెళ్లిన ప్రతిసారీ మెత్తబడిన పొర కిందికి కుంగి లేస్తుంది, సన్నని మట్టి నీటితో కలిసి పగుళ్లలోంచి పైకి ఉబుకుతుంది, పైపొర మొసలి వీపులా గళ్లుగళ్లుగా చీలి చివరకు ముక్కలుగా ఊడిపోతుంది. అంతకుముందు చాలా ఏళ్లలో జరగనంత నష్టం ఈ చివరి దశలో కొద్దికాలంలోనే జరిగిపోతుంది. చలిదేశాల్లో పగుళ్లలోని నీరు గడ్డకట్టి ఉబ్బడం దీనికి తోడవుతుంది కనుక అక్కడ ఈ పతనం ఇంకా వేగంగా ఉంటుంది.

బరువును నిజంగా మోసేది అడుగునున్న నేలేనని, దాన్ని పొడిగా ఉంచగలిగితే అది కుంగకుండా మోస్తుందని, 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల సర్వేయరుగా బాధ్యత తీసుకున్న జాన్ మెకాడమ్ పట్టుబట్టి వాదించాడు. ఆయన కాలంలో తారు పొరే లేదు, అయినా మాట ఇప్పటికీ నిలిచింది. పైన వేసే నల్లటి పొర చేసే పనుల్లో ముఖ్యమైనది నేలకు గొడుగు పట్టడం. గొడుగుకు చిల్లు పడగానే కుట్టించుకోవడం చవక, తడిసి జ్వరం వచ్చాక వైద్యం ఖరీదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక నగరంలో 500 లేన్ కిలోమీటర్ల వీధులు ఉన్నాయనుకుందాం (ఒక వాహన వరుస వెడల్పున ఒక కిలోమీటరు పొడవు రోడ్డు ఒక లేన్ కిలోమీటరు). ఒక్కొక్క లేన్ కిలోమీటరు ఏడాదికి ఒక సంవత్సరం ఆయుష్షు కోల్పోతుంది కనుక, ఎవరూ ఏమీ చేయకపోతే ఆ నగరం ఏటా 500 కిలోమీటరు-సంవత్సరాలు నష్టపోతుంది. వార్షిక పని ఈ నష్టాన్ని పూడ్చిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. లెక్క తేలిక కావడానికి కొన్ని అంకెలు ఊహిద్దాం: లేన్ కిలోమీటరు పొడవున పగుళ్లు పూడ్చడానికి 1 వంతు డబ్బు పడుతుంది, దానితో 2 ఏళ్ల ఆయుష్షు పెరుగుతుంది. పైన పలుచని సీల్ పొర వేయడానికి 4 వంతులు, ఫలితం 6 ఏళ్లు. పాత పొర మీద మందపాటి కొత్త పొర వేస్తే, అంటే ఓవర్‌లేకు, 16 వంతులు, ఫలితం 10 ఏళ్లు. మొత్తం తవ్వి అడుగు నుంచి కొత్తగా కట్టడానికి 60 వంతులు, ఫలితం 20 ఏళ్లు. నగరం చేతిలో ఉన్నది 600 వంతులు.

మీ వీధిలాంటివాటికే మొత్తం ఖర్చు చేస్తే 10 కిలోమీటర్లు కొత్తగా వస్తాయి, ఆయుష్షు 200 కిలోమీటరు-సంవత్సరాలు పెరుగుతుంది, నష్టం 500 కనుక నగరం 300 వెనకబడుతుంది. మరుసటి ఏడాది పాడైన వీధుల జాబితా తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే నిర్లక్ష్యం చేసిన మంచి వీధులు ఆ లోపు కిందికి జారి అందులో చేరతాయి. అదే డబ్బుతో 2 కిలోమీటర్లు కొత్తగా కట్టి, 12 కిలోమీటర్లకు ఓవర్‌లే, 55 కిలోమీటర్లకు సీల్ పొర వేసి, 68 కిలోమీటర్లలో పగుళ్లు పూడిస్తే ఖర్చు సరిగ్గా 600 వంతులే అవుతుంది. పెరిగే ఆయుష్షు మాత్రం వరుసగా 40, 120, 330, 136, అంటే మొత్తం 626. నగరం 126 ముందుకు వెళ్లింది. ఒకే ఖజానా, ఒకే ఏడాది. తేడా అంతా ఎంపికలోనే ఉంది.

ఈ లెక్కను దుర్వినియోగం చేయడమూ సులువే. మొసలి వీపులా చీలిన రోడ్డు మీద పలుచని పొర పూస్తే ఆరు నెలలు కూడా నిలవదు, కాగితం మీద మాత్రం 6 ఏళ్లు చేరుతుంది. పని ఏదైనా, దానికి తగిన దశలో ఉన్న రోడ్డుకు చేస్తేనే ఆ ఆయుష్షు వస్తుంది. పగుళ్లు పూడ్చడం అన్నిటికన్నా గిట్టుబాటుగా కనిపిస్తోందని డబ్బంతా దానికే పెట్టడమూ కుదరదు, పూడ్చదగిన పగుళ్లు అన్ని వీధుల్లో ఉండవు కదా.

ఇక న్యాయం మాట. పన్ను మీరూ కడుతున్నారు, రెండేళ్లుగా గుంతల్లో పడుతున్నదీ మీరే. లెక్క సరిపోయిందని చెప్పి మిమ్మల్ని ఏళ్ల తరబడి ఆగమనడం పాలన అనిపించుకోదు. అందుకే బాగా చితికిన వీధుల కోసం బడ్జెట్‌లో ఒక భాగాన్ని విడిగా కేటాయించి, వంతు ఏ ఏడాది వస్తుందో రాతపూర్వకంగా ప్రకటించి, అంతవరకు గుంతలు పూడుస్తూ వీధిని ప్రమాదం లేకుండా ఉంచడం నగరం బాధ్యత. మీరు నిలదీయవలసింది పక్క వీధికి ఎందుకు వేశారని కాదు, మా వంతు ఏ సంవత్సరం అని.

ప్రశ్న: ఏ వీధి ఏ స్థితిలో ఉందో నగరపాలక సంస్థకు ఎలా తెలుస్తుంది? ఫిర్యాదులు వచ్చిన చోటికే వెళ్తారా?

జవాబు: ఫిర్యాదుల మీద మాత్రమే నడిచే నగరాలు చాలా ఉన్నాయి, వాటిలో గట్టిగా అడగగలిగిన వీధులే బాగుపడతాయి. సక్రమమైన పద్ధతిలో ముందు ప్రతి వీధినీ కూడలి నుంచి కూడలి వరకు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క పొడవు, వెడల్పు, పొరల మందం, ఎప్పుడు వేశారు, కింద ఏ గొట్టాలున్నాయి అన్న వివరాలతో ఒక పట్టిక తయారుచేస్తారు. తరవాత నిర్ణీత కాలానికి ఒకసారి, ప్రధాన రోడ్లను తరచుగా, చిన్న వీధులను కాస్త ఎడంగా, పరిశీలించి మార్కులు వేస్తారు. విస్తృతంగా వాడుకలో ఉన్నది 0 నుంచి 100 వరకు ఉండే పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్. దీన్ని అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం 1970లలో మొదట విమానాశ్రయాల రన్‌వేల కోసం రూపొందించింది. పగుళ్లు, చక్రాల గాడులు, కంకర లేచిపోవడం, ప్యాచీలు మొదలైన దాదాపు 20 రకాల లోపాలను, ప్రతిదాని తీవ్రతను, విస్తీర్ణాన్ని కొలిచి 100లోంచి తీసివేస్తూ పోతారు. 85 దాటితే రోడ్డు బాగున్నట్టు, 40కి దిగువన ఉంటే బాగా చెడినట్టు.

కంటికి కనిపించేది పైపొరే కనుక దీనితోనే తృప్తిపడకూడదు. బరువును పైనుంచి జారవిడిచి, రోడ్డు ఎంత కుంగిందో, ఆ కుంగుబాటు చుట్టూ ఎంతదూరం వ్యాపించిందో కొలిచే యంత్రం ఒకటుంది. పైన బాగా కనిపించినా లోపల చేవ లేని వీధిని అది పట్టిస్తుంది. ప్రయాణ కుదుపును కొలవడానికి ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగాల నుంచి వచ్చిన అంతర్జాతీయ సూచిక కూడా ఉంది, కాని అది నిలకడ వేగంతో వాహనాలు వెళ్లే రోడ్లకు సరిపోయినంతగా, అడుగడుగునా ఆగే ఇరుకు వీధులకు సరిపోదు.

ప్రశ్న: పనులు సరిగ్గా వానలు మొదలయ్యే ముందు హడావుడిగా చేస్తారు, మొదటి జల్లుకే పొర లేచిపోతుంది. ఏడాది పొడవునా చేయడానికి ఏం అడ్డం?

జవాబు: చాలాచోట్ల అడ్డం ఆర్థిక సంవత్సరమే. బడ్జెట్ ఆమోదం పొందాక సర్వే మొదలుపెట్టి, ఆపైన అంచనాలు వేసి, సాంకేతిక అనుమతి తీసుకుని, టెండరు పిలిచి, ఒప్పందం కుదుర్చుకునేసరికి పనికి అనువైన పొడి కాలం గడిచిపోతుంది. మిగిలిన కొద్ది వారాల్లో నిధులు మురిగిపోతాయన్న భయంతో పని పరుగులు తీస్తుంది. దీనికి విరుగుడు క్యాలెండరును వెనక్కి జరపడం: వచ్చే ఏడాది చేయవలసిన వీధుల సర్వే, అంచనాలు ఈ ఏడాదే పూర్తికావాలి, బడ్జెట్ ఆమోదం వచ్చిన వారంలో టెండరు వెళ్లాలి, పొడి కాలం మొదటిరోజున యంత్రాలు వీధిలో ఉండాలి. ఇందుకు ఒక్క ఏడాది జాబితా చాలదు, ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుపుకుంటూ పోయే మూడేళ్ల లేదా ఐదేళ్ల జాబితా కావాలి.

పొర ఎందుకు లేచిపోతుందంటారా, వేడి మిశ్రమం చల్లారేలోపే రోలరు తన పని ముగించాలి. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి దిగాక ఎన్నిసార్లు తొక్కించినా అది కుదురుకోదు. పొరలో గాలి సందులు 8 శాతం దాటితే అవి ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారులవుతాయి. తడి నేల మీద, కిందిపొరకు అంటుకునే తారు పూత సరిగా పూయకుండా, చీకట్లో దీపాల వెలుగులో తొందరగా పరిచిన పొరకు ఈ దోషాలన్నీ ఉండే అవకాశం ఉంది. హడావుడి ఖరీదు టెండరులో కనిపించదు, మరుసటి ఏడాది ప్యాచీల పద్దులో కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ పనికి డబ్బు ఎక్కడి నుంచి రావడం న్యాయం? ఇంటి పన్నులోంచా, పెట్రోలు మీదనా, లేక అప్పు చేయాలా? లారీలు పాడుచేసిన రోడ్డుకు నడిచి వెళ్లే నేను ఎందుకు కట్టాలి?

జవాబు: ఈ తగువు చాలా పాతది. ఇంగ్లండులో 1555 నాటి చట్టం ప్రకారం ఒక్కొక్క పారిష్‌లోని, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరి గృహస్థులు ఏటా 4 రోజులు, తరవాత 6 రోజులు, కూలి లేకుండా రోడ్డు పనికి రావలసి వచ్చేది. సొంత ఊరివారు తొక్కని దారిని బాటసారుల బళ్ల కోసం మేమెందుకు బాగుచేయాలన్న సణుగుడు మధ్యే ఆ పద్ధతి 1835 వరకు సాగింది. బరువు మోపినవారే ఖర్చూ మోయాలన్న మీ వాదనకు బలమైన ఆధారమే ఉంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఆటవా అనే ఊరి దగ్గర, ప్రత్యేకంగా రోడ్లు వేసి వాటి మీద లారీలను రేయింబవళ్లు తిప్పి పరీక్షించారు. ఇరుసు మీది బరువు ఎన్ని రెట్లయితే, రోడ్డుకు జరిగే నష్టం సుమారు ఆ రెట్ల సంఖ్య నాలుగో ఘాతం మేరకు పెరుగుతుందని ఆ పరీక్షల నుంచి తేలింది. ఈ లెక్కన, ఇరుసుకు 10 టన్నులు మోసే లారీ, ఇరుసుకు 1 టన్ను మోసే కారుతో పోలిస్తే పది రెట్లు కాదు, దాదాపు పదివేల రెట్లు నష్టం చేస్తుంది. అనుమతించిన బరువు కన్నా 20 శాతం ఎక్కువ వేస్తే నష్టం రెట్టింపు దాటుతుంది. నడిచేవారి వల్ల, సైకిళ్ల వల్ల జరిగే నష్టం లెక్కలోకే రాదు.

అయినా మీరు పూర్తిగా తప్పించుకోలేరు. ఎండకు, వానకు రోడ్డు ఎవరూ తొక్కకపోయినా ముసలిదవుతుంది, ఆ ముసలితనానికి బాధ్యులు అందరూ. పైగా మీ ఇంటి చెత్తను తీసుకెళ్లే బండి, మీ వీధిలోకి వచ్చే అగ్నిమాపక శకటం ఆ బరువైన వాహనాల్లోవే. కాబట్టి స్థిరంగా వచ్చే ఆస్తి పన్నులోంచి కొంత, వాడకాన్ని బట్టి వచ్చే ఆదాయం లోంచి కొంత తీసుకోవడమే సబబని మా అభిప్రాయం.

వాడకం మీద పన్ను అంటే ఇన్నాళ్లూ ఇంధన పన్నే. అమెరికాలో దాన్ని మొట్టమొదట విధించినది 1919లో ఆరెగాన్ రాష్ట్రం. ఇంధనం తక్కువ తాగే వాహనాలు, విద్యుత్ వాహనాలు పెరిగేకొద్దీ ఆ బావి ఎండిపోతోంది, రోడ్డు మాత్రం ఎప్పటిలాగే అరుగుతోంది. అందుకే అదే ఆరెగాన్ 2015లో స్వచ్ఛందంగా చేరినవారి నుంచి, తిరిగిన దూరాన్ని బట్టి రుసుము తీసుకునే పథకం ప్రారంభించింది. డీజిలు వాహనాల నుంచి దశాబ్దాలుగా దూరాన్ని బట్టి వసూలు చేస్తున్న న్యూజీలాండ్, 2024 ఏప్రిల్ నుంచి తేలికపాటి విద్యుత్ వాహనాలనూ అందులో చేర్చింది. నగర స్థాయిలో మరో మార్గం, నీటి బిల్లులా నెలనెలా వసూలు చేసే వీధి రుసుము. ఇల్లయితే ఇంత, రాకపోకలను ఎక్కువగా రప్పించే వ్యాపార స్థలమైతే ఇంత అని నిర్ణయిస్తారు. దీనిలో గుణం ఏమిటంటే ఆ డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది, సాధారణ నిధిలో కలిసిపోయి ఉత్సవాల ఖర్చుకు దారిమళ్లదు. దోషం ఏమిటంటే పేదవారికీ ధనికులకూ ఒకే మొత్తం పడుతుంది, మినహాయింపులు ఆలోచించి పెట్టకపోతే అన్యాయమవుతుంది.

అప్పు విషయంలో మాత్రం మేము మెత్తగా మాట్లాడలేం. అప్పు తీరేలోపు రోడ్డు పోకూడదు. అడుగు నుంచి కొత్తగా కట్టి, 20 ఏళ్లు నిలిచే వీధి కోసం 15 ఏళ్ల అప్పు చేయడంలో తప్పు లేదు, రేపు ఆ వీధిని వాడుకునేవారూ దాని ఖర్చులో పాలుపంచుకుంటారు. 2 ఏళ్లు నిలిచే పగుళ్ల పూడికకు, గుంతల ప్యాచీలకు అదే 15 ఏళ్ల అప్పు వాడితే, లేని రోడ్డుకు మరో 13 ఏళ్లు వడ్డీ కడుతూ ఉండాలి. ఏటా వచ్చే పనికి ఏటా వచ్చే ఆదాయమే ఆధారం కావాలి. ఒక ఏడాది భారీగా అప్పు తెచ్చి వీధులన్నీ ఒకేసారి వేసిన నగరానికి మరో చిక్కు కూడా ఉంది: అవన్నీ ఒకేసారి ముసలివవుతాయి.

ప్రశ్న: కొత్త రోడ్డు వేసిన నెలకే కేబుల్ కోసమో, నీటి గొట్టం కోసమో తవ్వేస్తారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోరా?

జవాబు: మాట్లాడుకోరనే చెప్పాలి, మాట్లాడుకోవాలన్న నిబంధన లేనప్పుడు. ఐదేళ్ల జాబితా వల్ల కలిగే పెద్ద లాభం ఇక్కడే తెలుస్తుంది. ఏ వీధికి ఏ ఏడాది పొర పడబోతోందో నీటి, మురుగు, విద్యుత్, కేబుల్ సంస్థలకు ముందే తెలిస్తే, వాళ్లు తమ పనిని ఆ తేదీకి ముందు ముగించుకోగలరు. అలా తెలియజేశాక నిషేధం పెట్టడం న్యాయం అనిపించుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తగా పొర వేసిన వీధిని అత్యవసరమైతే తప్ప 5 ఏళ్లపాటు తవ్వనివ్వరు. అత్యవసరం అన్నమాటకు నిర్వచనం రాసి ఉంచకపోతే మాత్రం ప్రతి కేబులూ అత్యవసరమే అవుతుంది.

తవ్విన చోట పూడ్చినంతమాత్రాన పాత స్థితి రాదు. కందకం అంచుల్లో మట్టి పట్టు సడలి, ప్యాచీ చుట్టూ ఉన్న మంచి రోడ్డు కూడా దిగబడుతుంది. కాబట్టి కందకం వెడల్పు కన్నా రెండువైపులా ఎక్కువగా కోసి, మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయించి, ఆపైన పొర వేయించాలి. తవ్వకం వల్ల వీధి కోల్పోయిన ఆయుష్షుకు పరిహారంగా రుసుము వసూలు చేసి, దాన్ని వీధుల ఖాతాలోనే జమచేయాలి.

ప్రశ్న: అన్ని వీధులకూ సిమెంటు రోడ్డే వేస్తే ఈ గొడవలన్నీ ఉండవు కదా?

జవాబు: ఉంటాయి. సిమెంటు రోడ్డు ఎక్కువకాలం నిలుస్తుంది, కాని మొదటి ఖర్చు ఎక్కువ, పలకల మధ్య అతుకుల్లో నింపిన పూడికను ఎప్పటికప్పుడు మార్చాలి, గొట్టం పగిలి తవ్వవలసి వస్తే పూడ్చడం కష్టం. బరువైన బస్సులు ఆగే చోట్లకు, నీరు నిలిచే పల్లపు వీధులకు అది తగినదే. నిర్వహణ అక్కరలేని రోడ్డు మాత్రం కాదు.

ప్రశ్న: నేను నగరపాలక సభకు కొత్తగా ఎన్నికైన సభ్యురాలిని. వీధుల నిర్వహణ పద్దు సభ ముందుకు వచ్చినప్పుడు ఏం అడగాలో తెలియక తల ఊపి ఊరుకున్నాను. వచ్చే ఏడాది ఏం అడగమంటారు?

జవాబు: ఎన్ని కిలోమీటర్లు వేశారన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి, ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఘనంగానే ఉంటుంది. నగరంలోని వీధులన్నిటి సగటు మార్కు పోయిన ఏడాది ఎంత, ఈ ఏడాది ఎంత అని అడగండి. సగటు ఒక్కటే మోసం చేయవచ్చు కనుక, 40కి దిగువన ఉన్న వీధుల పొడవు పెరిగిందా తగ్గిందా అని కూడా అడగండి. ఇప్పుడున్న నిధులే కొనసాగితే ఐదేళ్ల తరవాత ఆ అంకెలు ఎలా ఉంటాయో, ఉన్న స్థితిని కాపాడుకోవడానికి మాత్రమే ఏటా ఎంత కావాలో ఇంజనీరు చేత రాయించుకోండి. ఆ రెండో అంకెకూ బడ్జెట్‌లోని అంకెకూ మధ్య ఉన్న తేడాను పాలకవర్గం ఒప్పుకోవడానికి ఇష్టపడదు, అయినా రికార్డులోకి ఎక్కించండి. సభ్యులందరికీ డబ్బును సమానంగా పంచుదామన్న ప్రతిపాదన తప్పకుండా వస్తుంది, వినడానికి సమంజసంగానూ ఉంటుంది; రోడ్లు పాడయ్యే తీరుకు మన వార్డుల హద్దులతో సంబంధం లేదు కాబట్టి, మీ ప్రాంతానికి ఆ ఏడాది తక్కువ వచ్చినా సరే, వ్యతిరేకించండి.

చివరగా, పోయిన ఏడాది ఆమోదించిన వీధుల జాబితాను, నిజంగా పని జరిగిన వీధుల జాబితాను పక్కపక్కన పెట్టి తెమ్మనండి. జాబితాలో ఉండి పని జరగని వీధులకు కారణాలేమిటో, జాబితాలో లేకుండా పని జరిగిన వీధులు ఎవరి సంతకంతో వచ్చి చేరాయో ఒక్కొక్కటిగా చదివించండి. మొదటి లేఖ రాసిన పాఠకుల వీధి ఆ రెండు జాబితాల మధ్యే ఎక్కడో తప్పిపోయి ఉండవచ్చు.